మెట్ల కింద పడుకున్న సైకిల్

సైకిల్‌ని గదిలోకి రానివ్వని లాడ్జిలో దిగొద్దు. ఫోన్లో "నో ప్రాబ్లం సార్" అన్నా నమ్మొద్దు, మెసేజ్ పెట్టించుకోండి. నేను పెట్టించుకోలేదు.

జనవరిలో చెన్నై ఈసీఆర్ (సముద్రం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద అక్కడి సైకిల్ క్లబ్బు ఒకటి 20 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ పెడుతోందంటే నెల్లూరు నుంచి వెళ్ళాను. ఎంట్రీ ఫీజు 800. నిమిషానికొకరిని వదులుతారు, ఎవరి తొక్కుడు వాళ్ళదే. ముందువాడి వెనక గాలి చాటున దాక్కోవడం కుదరదు. మా బావమరిది కారు నడుపుతానన్నాడు. వాడికి సైకిళ్ళ గోల పట్టదు, మహాబలిపురం చూపించి చేపల భోజనం పెట్టిస్తానంటే వచ్చాడు. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, అక్కడి నుంచి కోవళం దాకా ఇంకో గంటన్నర. డీజిల్ రానూపోనూ 3,100 అయింది. దారిలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

లాడ్జి ఈసీఆర్ పక్కనే. గది 1,900. రిసెప్షన్‌లో కుర్రాడు సైకిల్ చూడగానే చెయ్యి అడ్డం పెట్టాడు. "సైకిల్ కీళె సార్. రూమ్ నో." కీళె అంటే కింద. టైర్లు తుడుస్తానన్నాను. కింద దుప్పటి పరుస్తానన్నాను. చక్రాలు ఊడదీసి సంచిలో పెట్టి సూట్‌కేసులా మోసుకెళ్తానన్నాను. టైల్స్ మీద మరకలు పడతాయట! ఆ టైల్స్ మీద అప్పటికే ఉన్న మరకలకి ఏ సైకిల్ కారణమో వాడే చెప్పాలి. చివరికి ఓనర్‌కి ఫోన్ చేసి, మెట్ల కింద పెట్టుకోవచ్చు, పార్కింగ్ చార్జీ 300 అన్నాడు. కారుకి లేని చార్జీ సైకిల్‌కి! "పోనీలే బావా, ఆకలేస్తోంది" అన్నాడు మావాడు. ఆ ఆకలి వల్లే ఒప్పుకున్నాను.

గేర్లు మార్చే డీరెయిలర్ ఉండేది కుడివైపు కాబట్టి, దానికి దెబ్బ తగలకుండా ఎప్పుడూ కుడివైపు గోడకి ఆనిస్తాను. ఆ రాత్రీ అలాగే ఆనించి చక్రానికి తాళం గొలుసు వేశాను. పొద్దున నాలుగున్నరకి దిగి చూస్తే సైకిల్ ఎడమవైపు గోడకి ఆని ఉంది. తాళం గొలుసు చక్రానికే ఉంది. నేల తడిగా ఉంది. ఎవరో కడగడానికి సైకిల్ ఎత్తి పక్కన పెట్టారు, అది కుడివైపుకి పడింది, మళ్ళీ లేపి ఆనించారు. వాచ్‌మన్‌ని అడిగితే తెలియదన్నాడు. గేటు తాళం కోసం అతన్ని నిద్రలేపడానికే పది నిమిషాలు పట్టింది. పెడల్ తిప్పి గేరు మారిస్తే గొలుసు ఒక పన్ను మీద నిలవకుండా టకటకమంటోంది. డీరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ లోపలికి వంగింది. సైకిల్ పడితే ఫ్రేము పాడవకుండా ముందు అదే వంగేట్టు మెత్తగా చేస్తారు. అదేమో పని బాగానే చేసింది.

నెల రోజులుగా నేను కష్టపడ్డదంతా ఆ సైకిల్ మీదే. రోడ్ బైక్‌ హ్యాండిల్‌కి 4,200 పెట్టి, మోచేతులు ఆనించుకునే క్లిప్-ఆన్ ఏరో బార్లు బిగించాను. వాటి మీద వంగితే మోకాలు పొట్టకి తగలకుండా సీటుని ఒకటిన్నర సెంటీమీటర్లు ముందుకి జరిపాను, కొంచెం పైకి లేపాను. చదును రోడ్డు మీద మనం పోరాడేది బరువుతో కాదు, గాలితో. వేగం రెట్టింపు కావాలంటే గాలిని చీల్చడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. ఆ గాలి దెబ్బలో దాదాపు ముప్పాతిక వంతు తగిలేది సైకిల్‌కి కాదు, మన ఒంటికి. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజున గ్రెగ్ లెమాండ్ ఇలాంటి బార్లతో 24.5 కిలోమీటర్లు తొక్కి, మొత్తం రేసుని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఓడిన ఫిన్యోఁ హెల్మెట్ లేకుండా పిలక గాలికి ఎగరేసుకుంటూ తొక్కాడు. ఇదంతా తడ దాటాక మావాడికి చెబితే, "మరి నీ పొట్ట సంగతేంటి బావా?" అన్నాడు.

చెన్నైలో ఒక షాపులో, గాలిని తేలిగ్గా కోసే 60 మిల్లీమీటర్ల లోతు రిమ్ముల చక్రాలు వారాంతానికి 2,500 అద్దెకి తీసుకున్నాను, డిపాజిట్ 10,000. వెనక చక్రం సరే. ముందు చక్రం మాత్రం ఈ రోడ్డు మీద వద్దు. సముద్రం వైపు ఇళ్ళ మధ్య సందు వచ్చిన ప్రతిసారీ పక్కగాలి హ్యాండిల్‌ని లాగేసింది. ఏరో బార్ల మీద చేతులున్నప్పుడు బ్రేకులు అందవు, గుండె జారిపోతుంది. ఆ డబ్బు పెట్టి ఒంటికి అతుక్కునే జెర్సీ కొనుక్కుంటే మేలు. నా జెర్సీ వీపు మీద గాలిపటంలా కొట్టుకుంది.

స్టార్ట్ దగ్గర క్లబ్బు మెకానిక్ ఒకాయన నా మొహం చూసి తనే వచ్చాడు. డీరెయిలర్ బోల్టులో 5 నంబరు అలెన్ కీ దూర్చి, ఒక కన్ను మూసి, చేత్తోనే హ్యాంగర్ వెనక్కి వంచాడు. డబ్బు తీసుకోలేదు. "వెనక గేర్లలో 13 పళ్ళ చక్రం మీద వేయకండి, మిగతావి పని చేస్తాయి" అన్నాడు. గాలి వెనక నుంచి తోస్తున్నప్పుడు నాకు కావాల్సింది సరిగ్గా ఆ 13.

ఆరుంపావుకి మొదటివాణ్ణి వదిలారు. నాది 23వ నంబరు, 6:37కి. కోవళం దాటాక మొదలు. తిరువిడందై, మొసళ్ళని పెంచే క్రొకొడైల్ బ్యాంకు మీదుగా మహాబలిపురం వైపు 10 కిలోమీటర్లు, డివైడర్ సందులో తిరిగి వెనక్కి. నాలుగు లైన్ల రోడ్డు, బల్లపరుపు. ఆ నెలలో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి పోయేటప్పుడు వీపు మీద, వచ్చేటప్పుడు మొహం మీద. పుదుచ్చేరి వైపు పోయే బస్సు పక్కనుంచి దూసుకెళ్తే రెండు సెకన్లు ఎవరో వీపు మీద చెయ్యేసి తోసినట్టుంటుంది. బ్రిటన్‌లో టైమింగ్ పిచ్చోళ్ళు ఇందుకోసమే లారీలు తిరిగే పెద్ద రోడ్లని వెతుక్కుంటారు. అక్కడ 1890లలో రోడ్డు రేసులకి పోలీసులు ఒప్పుకోకపోతే, తెల్లవారుజామున నల్లబట్టలేసుకుని ఒక్కొక్కరుగా వెళ్ళేవారు. రోడ్ల పేర్లు బయటికి చెప్పకుండా అక్షరాలూ అంకెలతో కోడ్ పెట్టుకునేవారు, ఆ కోడ్‌లు ఇప్పటికీ ఉన్నాయి. నాకా రోజు లాడ్జి పేరొక్కటే కోడ్‌లో దాచాలనిపించింది.

పోయేటప్పుడు 15:05. 12 పళ్ళ మీద తొక్కితే కాళ్ళు బిగుసుకుపోయాయి, 14 మీద ఊరికే గిరగిరా తిరిగాయి. పైగా కోపంలో గట్టిగా తొక్కేశాను. అది నా తప్పే. వెనకగాలిలో కాస్త తగ్గి, ఎక్కువ సేపు గడిపే ఎదురుగాలికి బలం దాచుకోవాలి. తిరుగుదారిలో తొడలు మండాయి, 18:07 పట్టింది. మొత్తం 33:12. అనుకున్నది 32 లోపు. అందులో నిమిషం లాడ్జి ఖాతాలో రాశాను, మిగతాది నాది.

ఫినిష్ దగ్గర మావాడు లేడు. ఫోన్ చేస్తే "రోడ్డు అవతల, నీలం టార్పాలిన్ కిందకి రా బావా" అన్నాడు. ఒకామె ఇడ్లీల బండి. ఇడ్లీ మీద వడకర్రి పోస్తోంది. మసాలా వడలు చిదిమి ఉల్లి, సోంపుతో ఉడికించిన కూర అది, చెన్నైవాళ్ళ సొంత సరుకు. చెట్నీ తప్ప ఇంకేదీ ఒప్పుకోని మావాడు మూడో ప్లేటు మీదున్నాడు. మేం తెలుగు మాట్లాడుకోవడం విని, "నెల్లూరా అన్నా? మా అమ్మగారిది సూళ్ళూరుపేట" అంది. ఆ తర్వాత ఇడ్లీకి లెక్క లేదు, వడకర్రికి హద్దు లేదు. ఇద్దరికీ 140. సైకిల్ చూసి "ఎండలో పెట్టినావేం, ఇట్లా నీడకి తే" అని తన పాల క్యాన్లు పక్కకి జరిపి చోటిచ్చింది.

మహాబలిపురం చూశాం, టికెట్ 40. చేపల భోజనం 220, ముళ్ళే ఎక్కువ.

లాడ్జివాళ్ళు 300 వెనక్కివ్వలేదు. హ్యాంగర్ నెల్లూరులో దొరకలేదు. చెన్నై నుంచే తెప్పించాను, 850, కొరియర్ 120. నిన్న మావాడు ఫోన్ చేసి, మళ్ళీ రేసు ఎప్పుడని అడిగాడు. ఫలానా తేదీ అని చెబితే, "నీది కాదు బావా, ఆ బండి ఆదివారాలు ఉంటుందా అని" అన్నాడు.