వైన్‌షాపు పెట్టెలో భజన మైకులు: పాత అట్టపెట్టెల్లో ఏది పనికొస్తుంది, ఏది రాదు

మైకులు, కేబుళ్ళు, చిన్న మిక్సరు, 61 కీల కీబోర్డు, రెండు స్పీకర్లు. మా భజన బృందం సామానంతా నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా ఇంటి వెనక గదిలోనే ఉంటుంది. అన్నిటికీ హార్డ్ కేసులు కొనే స్తోమత బృందానికి లేదు, అందుకని చుట్టుపక్కల అంగళ్ళలో దొరికే పాత అట్టపెట్టెలతోనే నెట్టుకొస్తున్నాం. కొన్ని చాలా బాగున్నాయి, కొన్ని ఊరికే ఇచ్చినా వద్దు.

నా ఓటు మాత్రం వైన్‌షాపు పెట్టెకే. ఫుల్ బాటిళ్ళ పెట్టె అడగండి, లోపల అట్టముక్కలతో 12 గదులు ఉంటాయి. ష్యూర్ ఎస్ఎం58 లాంటి మైకు పొడవు 16 సెంటీమీటర్లు, తల 5 సెంటీమీటర్లు, కాబట్టి ఒక్కో గదిలో ఒక్కోటి హాయిగా నిలబడుతుంది, ఒకదానికొకటి కొట్టుకుని జాలీ సొట్టపోయే గొడవ ఉండదు. లోపలి అట్టముక్కలు మామూలుగా అతికించి ఉండవు, రెండు పీకేస్తే పెద్ద కేబుల్ చుట్టలకీ చోటు వస్తుంది. (కేబుల్‌ని మోచేతికి బిగించి చుట్టొద్దు, లోపలి తీగ మెలితిరుగుతుంది.) ఇబ్బందల్లా ఇంట్లో వాళ్ళతోనే. "అబ్బయ్యా, దేవుడి మైకులు తెచ్చి ఇందులో పెడతావంట్రా" అని అమ్మ గోల చేస్తే, బ్రాండు పేరు కనపడకుండా రంగనాథస్వామి క్యాలెండరు కాగితం అంటించాం. ఇప్పుడు ఆ పెట్టెని కాలు తగలకుండా చూసుకునేది ఆమే.

యాపిల్ పెట్టె గట్టిది, బరువు మోస్తుంది, పక్కనున్న కన్నాలు పట్టుకోవడానికి బాగుంటాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, పవర్ కేబుళ్ళు, స్టాండు క్లాంపులు అందులో వేస్తాం. తెచ్చిన వెంటనే వాడకండి, పళ్ళ తేమ, పురుగులు ఉంటాయి, బాగా ఎండబెట్టాలి.

ఆన్‌లైన్ డెలివరీ పెట్టెలు చాలావరకు మూడు పొరలవే. వేసవిలో పర్లేదు గానీ మన జిల్లాకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది, ఆ గాలి తేమ పీల్చుకుని అట్ట మెత్తబడుతుంది, మీద ఇంకో పెట్టె పెడితే కుంగిపోతుంది. ఐదు పొరలది కాస్త నయం. ఏ పెట్టెనైనా లోపలి అలల గీతలు నిలువుగా ఉండేలా నిలబెట్టండి, పక్కకి పడుకోబెడితే బరువు ఆపే శక్తి తగ్గిపోతుంది.

కీబోర్డుతో వచ్చిన అసలు పెట్టె, థర్మాకోల్‌తో సహా, పారేయకండి. ఆటోలో కావలికో, గూడూరుకో తీసుకెళ్ళేటప్పుడు దానికి మించింది లేదు. కానీ వానాకాలమంతా అందులోనే పెట్టి మూసెయ్యడం నాకు నచ్చదు. కీబోర్డుని పాలిథిన్ కవర్లో చుట్టి టేపు వేస్తే లోపలున్న తేమ లోపలే ఉండిపోతుంది. బ్యాటరీలు తీసేసి, బట్ట కప్పి, మంచం మీదో బల్ల మీదో ఉంచితే చాలు.

మిక్సరు, కండెన్సర్ మైకు (తేమ తగిలితే త్వరగా పాడయ్యే సున్నితమైన రకం మైకు) మాత్రం అట్టపెట్టెలో వద్దే వద్దు. బిగుతు మూతున్న ప్లాస్టిక్ డబ్బా కొని సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) వెయ్యండి. నీలం రంగు రకమైతే గులాబీకి మారగానే పెనం మీద సన్నసెగన వేడిచేస్తే మళ్ళీ పనికొస్తుంది (వంట పెనం కాదు, పాతది). ఇక్కడ కక్కుర్తి పడితే లాభం లేదు.

అడాప్టర్లకి చెప్పుల డబ్బా. మూత మీద వోల్టులు పెద్దక్షరాల్లో రాయండి. గిటారు పెడళ్ళు చాలావాటికి 9 వోల్టులు, పిన్ను మధ్యలో నెగటివ్. యమహా చిన్న కీబోర్డులకి ఎక్కువగా 12 వోల్టులు, మధ్యలో పాజిటివ్. పిన్ను దూరుతోంది కదా అని పెట్టేసే మహానుభావులు ప్రతి బృందంలోనూ ఉంటారు.

ఇక చెదలు. అట్ట వాటికి తిండే. పెట్టెల్ని నేల మీద పెట్టకుండా ఇటుకల మీద బల్ల వేసి, గోడకి జానెడు దూరంలో ఉంచాలి. పురుగులకని కలరా ఉండలు వేస్తారు కొందరు, దాని ఆవిరికి కొన్ని ప్లాస్టిక్కులు, థర్మాకోల్ పాడవుతాయి, అది మానుకోండి.

ధనుర్మాసంలో తెల్లారుజామున నగర సంకీర్తన నుంచి వచ్చిన మైకుల్ని మంచు తడితో అలాగే గదుల్లో దించేస్తే ఏ పెట్టె అయినా వారంలో ముక్కవాసన వస్తుంది. తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, అప్పుడు సర్దండి. పెట్టె అడుగు బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోందంటే దాని పని అయిపోయినట్టే, పాతపేపర్లతో పాటు వేసేసి ఇంకోటి తెచ్చుకోండి. వైన్‌షాపులో పదో ఇరవయ్యో అడుగుతారు, పొద్దున సరుకు దించేటప్పుడు వెళ్తే ఒక్కోసారి ఊరికే ఇస్తారు.