దారువు, పోషక కణజాలం: కాండంలో రెండు దారులు

నీళ్లు పైకి, తిండి కిందికి అని చిన్నప్పుడు బట్టీపట్టేస్తాం. నీళ్లు మోసే దారువు విషయంలో అది దాదాపు నిజమే. తిండి మోసే పోషక కణజాలం మాత్రం ఆకుల్లో తయారైన చక్కెరను వేళ్లకే కాదు, పైనున్న చిగుళ్లకూ కాయలకూ చేరవేస్తుంది.

అసలు తేడా కణాల్లో ఉంది. దారునాళాలు నీళ్లు మోయడం మొదలుపెట్టేసరికే చచ్చిపోయి ఉంటాయి. మిగిలేది లిగ్నిన్ అనే, చెక్కకు గట్టిదనమిచ్చే పదార్థంతో గట్టిపడ్డ గోడలే. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే, ఆ లాగుడుకే కింది నీరు పైకి వస్తుంది. అందుకు మొక్క తన శక్తి ఖర్చుపెట్టక్కర్లేదు. పోషక కణజాలంలో చక్కెర రసం మోసే చాలనీ నాళాలు మాత్రం బతికే ఉంటాయి గానీ వాటిలో కేంద్రకం ఉండదు. వాటి బాగోగులన్నీ పక్కనున్న సహకణాలే చూసుకోవాలి, విచిత్రమైన కాపురం! ఇక్కడ లాగడం ఉండదు, నెట్టడమే. ఆ ఒత్తిడి ఎంతంటే, పేనుబంక సూదిలాంటి నోరు గుచ్చితే చాలు, రసం దానంతటదే ఎక్కేస్తుంది. ఎక్కువైన తీపి వెనక నుంచి కారిపోతుంది; ఆకుల మీద కనిపించే జిగట అదే.

ఏది తెగితే ఎక్కువ ప్రమాదం? నీటి దారి పూర్తిగా తెగితే లేత కొమ్మ గంటల్లోనే వాడిపోతుంది. మాను చుట్టూతా బెరడు ఒలిస్తే పోషక కణజాలం పోతుంది, చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. కొన్నాళ్లకు కోత పైఅంచు ఉబ్బుతుంది. కింద వేళ్లు పస్తులుండి చచ్చాక గానీ చెట్టు ఎండదు. అందుకు నెలలూ పట్టొచ్చు.