విజయనగరంలో బంగాళాదుంపలు బస్తాల లెక్కన కొనేవాళ్లూ, జాగ్రత్త

మెస్సులవాళ్లు, పెళ్లి వంటలు ఒప్పుకునేవాళ్లు, బజ్జీల బండ్లవాళ్లు ఇది చదవండి. పొద్దున్నే వాట్సాప్‌లో రేట్లు పెట్టే కొట్టే. పేరు రాయను, కొనేవాళ్లకి తెలుసు. "కొత్త పంట, బెంగాల్ నుంచి తిన్నగా దిగింది" అన్నాడు. పది బస్తాలు. పైన తొక్క నున్నగా, ఒక్క గాటు లేదు. చెక్కితే లోపల, తొడిమ వైపు భుజం మీద, రూపాయి బిళ్లంత నీలం నలుపు మచ్చలు. ఒకటీ అరా కాదు, గిన్నెలో సగం దుంపలకి.

చెక్కిన దుంపలు సంచిలో వేసి పట్టుకెళ్తే ఆ పెద్దమనిషి గల్లాపెట్టె మీంచి తలెత్తలేదు. "ఏటి మేస్టారూ, మీ కత్తిపీట తుప్పట్టిందేమో సూసుకోండి" అన్నాడు. కాటా దగ్గర కుర్రాడు కిసుక్కున నవ్వాడు. "దుంపకి ఎక్స్‌రే కూడా తీసి అమ్మమంటారేటి?" అని పైనుంచి ఇంకోటి. ఇంతలో వెనకాల కొత్త బస్తాలు దిగుతున్నాయి. హమాలీ భుజం ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీదికి ధబీమని పడేస్తున్నాడు. ఎక్స్‌రే అక్కర్లేదు, ఆ చప్పుడు చాలు.

తుప్పు మరకైతే కోసిన ముఖం మీదే ఉంటుంది, ఇంకో పలచటి పొర తీస్తే పోతుంది. ఇది తొక్క కింద నాలుగైదు మిల్లీమీటర్ల లోతున, కత్తి తగలకముందే ఉన్న మచ్చ. దెబ్బ తగిలినచోట కణాలు చితుకుతాయి, లోపలున్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఎంజైమ్‌తోనూ ఆక్సిజన్‌తోనూ కలిసి మెలనిన్ అవుతుంది. మన జుట్టుకి నలుపిచ్చే రంగు జాతే. పూర్తిగా నల్లబడటానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. అంటే దింపిన రోజు చెక్కితే తెల్లగానే ఉంటుంది. నల్లబడేసరికి డబ్బు ఆయన గల్లాలో.

గొంతు పెంచితే పాట మార్చాడు: "రైతు పొటాష్ ఎరువు ఎయ్యకపోతే నానేటి సేస్తాను?" ఒళ్లు మండేది ఇక్కడే, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. టన్ను దుంపలు తీస్తే నేలలోంచి సుమారు 5 కిలోల పొటాష్ పోతుంది. యూరియా గుప్పించి, పొటాష్‌కి చెయ్యి ముడుచుకున్న చేలో దుంపకి ఈ నల్లమచ్చ ఎక్కువ. పొటాష్ సరిపడా అందితే కణాల్లో నీరు నిలుస్తుంది, పిండి శాతం కాస్త తగ్గుతుంది, దుంప దెబ్బ ఓర్చుకుంటుంది. పిండి బాగా ఉన్న దుంపకే మచ్చ ఎక్కువన్నమాట, ఏం చేస్తాం. అలాగని మ్యూరేట్ ఆఫ్ పొటాష్ (మామూలుగా వాడే పొటాష్ ఎరువు) ఎడాపెడా వేస్తే పిండి మరీ తగ్గి చిప్స్ నూనె తాగుతాయి. కణాల గోడలకి బలమిచ్చే కాల్షియం సంగతి ఇంకా చిత్రం. వేళ్లు పీల్చిన కాల్షియం నీటితోపాటు ఆకులకే పోతుంది, దుంపకి దాదాపు రాదు. దుంప తన చుట్టూ ఉన్న సన్న వేళ్లతోనే తీసుకోవాలి. అందుకే కాల్షియం ఇచ్చే జిప్సం, మట్టి ఎగదోసిన బోదెలో, దుంప ఊరే చోటే పడాలి. పొలం అంతా చల్లితే దుంపకి అందేది తక్కువ.

చివర్లో నత్రజని ఎక్కువైతే తొక్క ముదరదు, రుద్దితే ఊడుతుంది. తీగ కోసేసి 10-15 రోజులు ఆగి తవ్వాలి. తవ్వేనాటికి నేల మరీ ఎండిపోతే దుంప వడలిపోయి లోపల నల్లమచ్చ పడుతుంది. మరీ తడిగా, చల్లగా ఉంటే బిగుసుకుని పైకే పగులుతుంది, ఆ పగుళ్లలోంచి కుళ్లు దిగుతుంది.

కానీ బాబూ, పొటాష్ లేకపోతే దుంప బలహీనపడుతుంది, అంతే. కొట్టింది ఎవరు? రాలే ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు, అక్కడ భుజం ఎత్తు నుంచి! పైగా ఇది కొత్త పంటా కాదు. వేపుడు రెండు నిమిషాల్లో ముదురు గోధుమరంగు తిరిగింది, నోట్లో వేస్తే తియ్యగా ఉంది. 2-4 డిగ్రీల కోల్డ్ స్టోరేజీలో పిండి చక్కెరగా మారిన సరుకు అది. అలాంటివాటిని 10 డిగ్రీలు దాటేదాకా వెచ్చబడనిచ్చి అప్పుడు కదపాలి. చల్లగా ఉండగానే లారీకెత్తితే పొటాష్ ఎంత వేసినా ఇంతే.

ఇంత తెలిసిన తెలివైనవాణ్ణి, తొక్క మెరుపు చూసి ఒక్క దుంప కూడా చెక్కకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. చెప్పుతో కొట్టుకోవాలి.

కొనేముందు ఒక బస్తా మాత్రం తీసుకోండి. పైనుంచి, మధ్యలోంచి, అడుగునుంచి పది దుంపలు తీసి రెండు రోజులు వెచ్చగా ఉంచి తొడిమ వైపు చెక్కండి. మిగతా డబ్బు ఆ తర్వాతే. బిల్లు మీద "పాత సరుకు" అనో "కొత్త సరుకు" అనో రాయించుకోండి. మచ్చ విషం కాదు, చెక్కేసి కూరకి వాడుకోవచ్చు. పచ్చబడ్డవి వేరు, అవి పారేయండి.

అదే లారీ సరుకు ఇంకా ఆ కొట్లోనే ఉంది. ఈ పొద్దుటి మెసేజ్‌లో కూడా "కొత్త పంట" అనే పెట్టాడు.