స్మార్ట్ ల్యాంప్: విప్పి సోల్డరింగ్ చేయాలా, విప్పకుండానే పని కానివ్వాలా?

స్మార్ట్ ల్యాంప్‌లోని కంపెనీ ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్) తీసేసి, టాస్మోటా గానీ ఈఎస్‌పీహోమ్ గానీ (ఎవరైనా ఉచితంగా వేసుకోగల ఫర్మ్‌వేర్లు) ఎక్కించాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది ఆ దీపం ఏ కరెంటు మీద నడుస్తుందని. అడాప్టర్ పెట్టి 5 వోల్టుల మీద నడిపే టేబుల్ ల్యాంపైతే నిక్షేపంగా విప్పండి. హోల్డర్‌లో పెట్టే బల్బైతే విప్పే జోలికి పోవద్దు.

బల్బు లోపలి పవర్ సప్లైకి చాలావాటిలో ఐసొలేషన్ (మెయిన్స్ నుంచి విడదీసే ఏర్పాటు) ఉండదు. చిప్ గ్రౌండ్ కూడా 230 వోల్టుల లైనుతో కలిసే ఉంటుంది. వైర్లు లాప్‌టాప్‌కు తగిలించి, బల్బుకు మెయిన్స్ కరెంటు ఇచ్చామంటే లాప్‌టాప్ పోవచ్చు, మనిషికీ ప్రమాదమే. పైగా పైనున్న తెల్ల మూత గమ్ముతో అతికించి ఉంటుంది. కత్తితో లేపితే మళ్లీ మునుపటిలా కూర్చోదు.

బల్బుకు వేరే దారులున్నాయి. టూయా (చాలా బ్రాండ్ల స్మార్ట్ బల్బుల వెనక ఉండే కంపెనీ) రకం బల్బుల్లో ఒకప్పుడు ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్ వచ్చేది, టూయా కన్వర్ట్ అనే టూల్‌తో వైఫై మీదే పని అయిపోయేది. తర్వాత బీకెన్ బీకే7231 చిప్‌లు వచ్చాయి. వీటిమీద టాస్మోటా నడవదు. ఓపెన్‌బీకెన్ అనే ఫర్మ్‌వేర్ గానీ, ఈఎస్‌పీహోమ్ గానీ వేసుకోవాలి. విప్పకుండా ఎక్కించడానికి, కంపెనీ ఫర్మ్‌వేర్‌లోని ఒక కన్నంలోంచి దూరే క్లౌడ్‌కట్టర్ అనే టూల్ ఉంది కానీ, కొత్త ఫర్మ్‌వేర్లలో ఆ కన్నం పూడ్చేశారు. అందుకే కొత్త బల్బు కొనగానే యాప్‌లో అప్‌డేట్ నొక్కకండి. అదీ కుదరకపోతే కంపెనీ ఫర్మ్‌వేర్ అలాగే ఉంచి, హోమ్ అసిస్టెంట్‌లో (ఇంటి స్మార్ట్ పరికరాలన్నీ ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్) లోకల్‌టూయా అనే యాడాన్‌తో నడిపించవచ్చు. దానికి కావాల్సిన ఆ బల్బు కీ (రహస్య కోడ్) తీసుకోవడానికి కంపెనీ ఖాతా మాత్రం తప్పదు. బల్బు విషయంలో నా ఓటు దీనికే.

టేబుల్ ల్యాంప్ కథ వేరు. అడుగున రబ్బరు బిళ్లలు లేపితే కింద స్క్రూలుంటాయి. అడాప్టర్ పీకేసి విప్పండి. లోపలి మాడ్యూల్ మీద చిప్ పేరు చదవండి. ఈఎస్‌పీ8266 రకమైతే, దాన్ని లాప్‌టాప్‌కు కలిపే యూఎస్‌బీ టీటీఎల్ మాడ్యూల్ కోసం ఐదు వైర్లు: 3.3 వోల్ట్, గ్రౌండ్, టీఎక్స్ (డేటా పంపేది), ఆర్ఎక్స్ (డేటా అందుకునేది), జీపీఐఓ0. చిప్ టీఎక్స్‌ను మాడ్యూల్ ఆర్ఎక్స్‌కు, చిప్ ఆర్ఎక్స్‌ను మాడ్యూల్ టీఎక్స్‌కు కలపాలి. జీపీఐఓ0ను గ్రౌండ్‌కు తాకించి పవర్ ఇస్తేనే చిప్ రాతకు సిద్ధమవుతుంది. యూఎస్‌బీ టీటీఎల్ మాడ్యూల్ మీద జంపర్ 5 వోల్టుల దగ్గరుంటే చిప్ పాడవుతుంది. 3.3కే పెట్టండి. కొన్ని మాడ్యూళ్ల 3.3 పిన్ను ఈ చిప్‌కు చాలినంత కరెంటు ఇవ్వదు, రాత సగంలో ఆగిపోతుంది. అప్పుడు ఏఎంఎస్1117 రెగ్యులేటర్ బోర్డుతో విడిగా పవర్ ఇచ్చి, గ్రౌండ్లు కలిపేస్తే సరి. కొత్తది ఎక్కించేముందు పాత ఫర్మ్‌వేర్‌ను ఈఎస్‌పీటూల్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో బ్యాకప్ తీసుకోండి. మనసు మారితే వెనక్కి రావడానికి అదొక్కటే దారి.

సోల్డరింగా, స్ప్రింగు పిన్నుల క్లిప్పా? ఒకే రకం దీపాలు పది ఉంటే క్లిప్పు కొనుక్కోండి. ఒకటో రెండో అయితే సోల్డరింగే నయం, రాత మధ్యలో పిన్ను జారుతుందన్న టెన్షన్ ఉండదు. సన్నటి వైరు, ఫ్లక్స్, 25 వాట్ల ఐరన్ చాలు. ఐరన్ ప్యాడ్ (వైరు అతికించే రాగి చుక్క) మీద రెండు మూడు సెకన్లకు మించి ఆనించొద్దు, ప్యాడ్ లేచొస్తే ఇక దాని పని అంతే. చెయ్యి వణికేవాళ్లు సెల్ రిపేర్ షాపుకు పోవడం మేలు. తిరుపతిలో వాటికి కొదవా! చార్జింగ్ పిన్ మార్చే చేతికి ఇది లెక్కలోది కాదు. "అన్నా, ఈ ప్యాడ్లకు వైర్లు అతికించి ఇయ్యి, చాలు" అంటే అయిపోతుంది. ఫర్మ్‌వేర్ సంగతి మనం ఇంట్లో చూసుకోవచ్చు.

టాస్మోటా వేశాక ఒక సెట్టింగు మార్చాలి. పది సెకన్లలోపు తేడాతో ఆరుసార్లు కరెంటు పోయి వస్తే, ఏడోసారి అది మొత్తం రీసెట్ అయిపోతుంది. బటన్ లేని దీపాలను దారికి తేవడానికి పెట్టిన వసతి అది. మన దగ్గర నవంబరు, డిసెంబరు వానల్లో లైను పోతూ వస్తూ ఉంటే దీపం వైఫై పేరుతో సహా అన్నీ మర్చిపోయే వీలుంది. టాస్మోటా కన్సోల్‌లో (ఆదేశాలు టైపు చేసే పేజీ) సెట్‌ఆప్షన్65 విలువ 1 అని ఇస్తే ఆ రీసెట్ ఆగిపోతుంది. పవర్‌ఆన్‌స్టేట్ 0 అని కూడా పెడితే, అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు దీపం దానంతటదే వెలగదు.