రోహిణి కార్తెలో కుట్టిన ఉన్ని కోటు: మూడు చలికాలాల తర్వాత

జాకెట్ అనే అనాలి. కానీ మన ఇళ్లలో జాకెట్టంటే రవికే కాబట్టి కోటు అని రాస్తున్నాను. పాతికేళ్లుగా జాకెట్లు కుడుతున్నా, కోటు కుట్టడం ఇదే మొదటిసారి. అమ్మాయి ఢిల్లీలో కాపురం పెట్టాక ఏటా జనవరి అక్కడే గడుస్తోంది. బెజవాడ చలి తువ్వాలు కప్పుకుంటే ఆగుతుంది. అక్కడ తెల్లవారుజామున 5 డిగ్రీలకు దిగుతుంది.

ఉన్ని బట్ట ఢిల్లీలోనే కొన్నాను, 58 అంగుళాల పన్నాలో రెండుంపావు మీటర్లు. లైనింగు, లోపల బిగువు కోసం వేసే కాన్వాసు వన్‌టౌన్‌లో దొరికాయి. ప్యాటర్న్, అంటే బట్ట కత్తిరించుకునే కాగితం నమూనా, మాత్రం నెట్‌లో కొన్నాను. ప్రింట్ తీసిన అబ్బాయి పేజీకి సరిపోయేలా కాస్త కుదించేశాడు. కొలత చూసుకోమని ఇచ్చిన 10 సెంటీమీటర్ల గడి మీద స్కేలు పెడితే 9.6 వచ్చింది. చూడకపోయుంటే బట్టంతా గంగపాలే. మళ్లీ 100 శాతంలో తీయించాను.

తప్పు నాది కూడా ఉంది. ప్యాటర్న్‌లో కుట్టుకి 1.5 సెంటీమీటర్లు ముందే కలిపి ఉంటుంది. రేపు లావైతే విప్పుకోవచ్చని జాకెట్టుకి వదిలినట్టు ఇంకో అంగుళం వదిలాను. కాలరు మూలలు అట్టముక్కల్లా తయారయ్యాయి. లోపలి పొరల్ని మెట్లు మెట్లుగా కత్తిరిస్తే గానీ తిరగలేదు.

చేతులు అతికించడం దగ్గర మాత్రం మతి పోయింది. చెయ్యి పైభాగం చంక రౌండ్ కంటే 4 సెంటీమీటర్లు ఎక్కువుంది. ప్యాటర్నే తప్పనుకున్నాను. కచ్చా కుట్టు వేసి దగ్గరికి లాగి, చుట్టిన తువ్వాలు మీద పెట్టి, తడిగుడ్డ పరిచి, కాలే ఇస్త్రీపెట్టె అదిమాను. ఆవిరికి ఉన్ని తనంతట తనే కుదించుకుంది, ఒక్క ముడత మిగల్లేదు. టెరికాట్ బట్టతో ఇది జరగని పని. ఇదంతా రోహిణి కార్తెలో, బూరు ఎగురుతుందని ఫ్యాను ఆపేసి. గదంతా తడిసిన గొర్రె వాసన. "రగ్గులు కుడుతున్నారా పిన్నిగారూ?" అని పక్కింటమ్మాయి కిటికీలోంచి నవ్వింది.

కాజాల మిషన్ అతను ఇంత మందం మింగదన్నాడు. చేత్తో అయిదు కాజాలకు రెండు రోజులు పట్టింది. ఒకటి ఇప్పటికే వదులైంది.

ఇక వాడకం. భుజాలు, కాలరు కుట్టినరోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కాన్వాసుని చేత్తో చిన్న చిన్న కుట్లు వేసి ఉన్నికి పట్టించినందుకు ముందు అంచు కూడా వంకర తిరగలేదు. బ్యాగు రాసుకునే చోట మాత్రం ఉండలు కట్టింది. రెండో ఏడు మెట్రోలో పైన కడ్డీ పట్టుకోగానే వీపు దగ్గర లైనింగు జర్రున చిరిగింది. వెనక లైనింగులో ఒక మడత వదలమని ప్యాటర్న్ చెప్పింది. బట్ట కలిసొస్తుందని నేనే మానేశాను. ఆ ఏడే డ్రైక్లీనింగ్‌కి వెయ్యకుండా పెట్టెలో పెట్టాను. కలరా ఉండలు ఉన్నా కాలరు కింద పురుగు కొట్టింది. చెమట, తిండి మరకలున్న చోటే అది ముందు పడుతుందట. మిగిలిన ముక్కలోంచి పోగులు లాగి రఫూ చేశాను. దగ్గరగా చూస్తే తప్ప కనపడదు.

డబ్బు మిగులుతుందని మాత్రం కుట్టకండి. రెడీమేడ్ స్వెటర్ ఇంతకంటే చవక. నా పొట్టి చేతులకు, ఈ భుజాలకు సరిగ్గా కూర్చునే కోటు మాత్రం నాకు ఏ దుకాణంలోనూ దొరకలేదు.

ప్యాటర్న్ ఇప్పుడు ఆ పక్కింటమ్మాయి దగ్గరుంది. లైనింగు ముక్క మీద ఎర్ర పెన్నుతో "మడత మర్చిపోకు" అని రాసిచ్చాను.