పసుపు ప్లేటు ఎస్-క్యాబా, తెల్ల ప్లేటు వి-క్రాసా: ఏది మేలు?

తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. అప్పటికి ఆ ప్రాంతం చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ గేటు దాటి వచ్చే నాలుగు తలుపుల డి-మ్యాక్స్ పికప్పులను కాస్త దూరం నుంచి చూస్తే అన్నీ ఒక్క తల్లి బిడ్డల్లాగే కనిపిస్తాయి. ముందు క్యాబిన్, వెనుక సుమారు ఐదడుగుల తొట్టి, కింద నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం, వెనుక ఇరుసు మీద కమాన్ పట్టీలు అన్నింటికీ ఉమ్మడే. అయినా అందులో అతి సాదా రకమైన ఎస్-క్యాబ్‌కూ, తోలు సీట్లతో ఆటోమేటిక్ గేర్లతో వచ్చే వి-క్రాస్ జెడ్ ప్రెస్టీజ్‌కూ మధ్య ధర తేడా లక్షల్లో ఉంటుంది. ఆ లక్షలు దేనికి పోతున్నాయో బేరీజు వేయడమే ఈ వ్యాసం పని.

భీమవరం వైపు రొయ్యల చెరువులున్న మా బావగారు ఇటీవల ఈ రెండింటి మధ్య ఊగిసలాడుతూ నన్ను సలహా అడిగారు. ఆయన ప్రశ్న సీట్ల గురించీ టచ్ స్క్రీన్ తెర గురించీ. నేను మాత్రం తిరిగి నంబరు ప్లేటు రంగు గురించి అడిగాను, ఎందుకంటే ఈ రెండు బండ్లను నిజంగా వేరు చేసేది హంగులు కావు, రిజిస్ట్రేషన్. ఎస్-క్యాబ్ సరుకు రవాణా వాహనంగా పసుపు ప్లేటు మీద నమోదవుతుంది. వి-క్రాస్, దాని సాదా తోబుట్టువు హై-ల్యాండర్ సొంత వాహనాలుగా తెల్ల ప్లేటు మీద నమోదవుతాయి. మిగిలిన తేడాల్లో చాలా భాగం ఈ ఒక్క విషయం నుంచే పుడతాయి.

ముందు బరువు సంగతి. ఎస్-క్యాబ్ మోయగల బరువు 1,055 కిలోలని కంపెనీ చెబుతుంది. డీఏపీ బస్తా 50 కిలోలు కనుక సుమారు 20 బస్తాలు ఒక్క విడతలో ఇంటికి చేరతాయి. మనుషులు నిండుగా ఎక్కిన రోజున ఆ మేరకు బస్తాలు తగ్గించుకోవాలి. దాని కంటే ఎంతో ఖరీదైన వి-క్రాస్‌లో ఐదుగురు కూర్చున్నాక కాగితాల ప్రకారం తొట్టిలో వేయడానికి మిగిలేది పావు టన్ను దరిదాపులే, అంటే అవే బస్తాలు ఐదో ఆరో. తొట్టి కొలత దాదాపు అదే, చట్రం అదే, కానీ చట్టం అనుమతించే బరువు అది కాదు. ఎక్కువ డబ్బు పోసిన బండి తక్కువ మోస్తుందంటే మొదట ఎవరూ నమ్మరు. పికప్ అనగానే బరువులు మోసే బండి అనుకునే మన అలవాటుకు ఇది గట్టి ఎదురుదెబ్బ. ఎక్కువ వేస్తే ఏమవుతుందని అడిగేవారికి మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ జవాబు చెబుతుంది. అధిక బరువుకు జరిమానా రూ.20,000, ఆపై అదనపు ప్రతి టన్నుకూ రూ.2,000.

జరిమానా కంటే పెద్ద చిక్కు బీమాలో ఉంది. సొంత కారు పాలసీలో వాడకం హద్దులని ఒక చిన్న పేరా ఉంటుంది. కిరాయికి తిప్పడం, నమూనాలూ సొంత సామానూ కాని సరుకు రవాణా ఆ పాలసీ పరిధిలోకి రావని అందులో రాసి ఉంటుంది. మన తోట మామిడికాయలు నాలుగు బుట్టలు ఇంటికి తెచ్చుకోవడం వేరు, పక్క రైతు పంటను బాడుగకు మార్కెట్ యార్డుకు చేర్చడం వేరు. ఆ రెండో పని వి-క్రాస్‌తో చేసి, దారిలో ప్రమాదం జరిగితే క్లెయిము తిరస్కరించడానికి కంపెనీ చేతికి మనమే కారణం అందించినట్టవుతుంది. అందువల్ల వారానికి మూడు నాలుగు సార్లయినా సరుకుతో తిరగవలసిన మనిషికి, అందులోనూ బాడుగ డబ్బు ఆశించే మనిషికి, తెల్ల ప్లేటు బండి ఎంత ముచ్చటగా ఉన్నా సరిపడదు.

అలాగని పసుపు ప్లేటు ఊరికే రాదు. 2022 జూన్ నుంచి అమలైన థర్డ్ పార్టీ బీమా పట్టికలో 1,500 సీసీ దాటిన సొంత కారుకు ఏడాదికి రూ.7,897 ఉంటే, 7,500 కిలోల లోపు సరుకు వాహనానికి రూ.16,049 ఉంది, అంటే రెట్టింపు. ఫిట్‌నెస్ పరీక్ష మొదటి ఎనిమిదేళ్లూ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. సొంత బండికి పదిహేనేళ్ల దాకా ఆ బెడద లేదు. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లో కిలోమీటరుకు కారుకు 65 పైసలు, తేలికపాటి వాణిజ్య వాహనానికి రూ.1.05 మూల రేటుగా పెట్టారు. ఏటా రేట్లు పెరిగినా ఆ నిష్పత్తి టోలు గేటు దగ్గర కనిపిస్తూనే ఉంటుంది. 2025 ఆగస్టు 15న రూ.3,000 ధరతో మొదలైన వార్షిక ఫాస్టాగ్ పాసు కూడా సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే పరిమితం. సరుకు బండ్లకు గంటకు 80 కిలోమీటర్ల వేగ నియంత్రణ ఒకటి. విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా నాలుగు వరుసల రోడ్డు మీద ఇంటిల్లిపాదితో వెళ్లేవారికి ఆ హద్దు ఎంత విసుగు తెప్పిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

జనం భయపడే రెండు విషయాలు మాత్రం నిజానికి అంత భయపెట్టేవి కావు. మొదటిది లైసెన్సు. తేలికపాటి వాహనం లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని వేరే బ్యాడ్జి లేకుండానే నడపవచ్చని సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. రెండోది పర్మిట్. స్థూల బరువు, అంటే బండీ సరుకూ మనుషులూ కలిపి, 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ కింద పర్మిట్ మినహాయింపు ఉంది, ఎస్-క్యాబ్ ఆ హద్దు లోపలే ఉంటుంది. వ్యాపారులకు ఇంకొక సౌలభ్యం ఉంది. సరుకు రవాణా వాహనం మీద కట్టిన జీఎస్టీని, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారులు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి పొందవచ్చు. మనుషుల రవాణాకు ఉద్దేశించిన కార్ల మీద ఆ అవకాశం సాధారణంగా ఉండదు. సరుకు వాహనాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతానికి దిగింది కూడా. మా బావగారి లాంటి రైతుకు జీఎస్టీ నంబరే ఉండదు కనుక ఈ క్రెడిట్ ఆయనకు అక్కరకు రాదు. ఊళ్లో సిమెంటు కొట్టు నడిపే వారికి మాత్రం అదే పెద్ద ఆకర్షణ.

ఇంజిన్ దగ్గర పోలిక ఏకపక్షంగా మారుతుంది. ఎస్-క్యాబ్‌లో 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్, 78 పీఎస్ (అశ్వశక్తి లాంటి కొలత) శక్తి, 176 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం), ఐదు గేర్లు. వి-క్రాస్‌లోనూ హై-ల్యాండర్‌లోనూ 1.9 లీటర్ల ఇంజినే, పరిమాణంలో చిన్నదే, కానీ 163 పీఎస్, 360 ఎన్ఎం, ఆరు గేర్లు. శక్తి, టార్క్ రెండూ రెట్టింపు కంటే ఒక పిసరు ఎక్కువే. ఎస్-క్యాబ్ ఇంజిన్ తక్కువ తిరుగుడులోనే, నిమిషానికి 1,500 దగ్గరే, తన పూర్తి పట్టు చూపిస్తుంది కనుక బస్తాలతో చేలగట్ల మీద నిదానంగా పోవడానికి అది చాలు. టన్ను బరువుతో శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నప్పుడు మాత్రం రెండో గేరులో వెనుక బస్సుల హారన్లు వింటూ ఓపిక పట్టాలి. వి-క్రాస్ అదే ఎత్తును మాటల్లో ఉండగానే దాటేస్తుంది. అయితే అది ఆ ఎత్తును దాటేది ఐదారు బస్తాలతోనే కదా అని గుర్తు చేయడం కూడా నా బాధ్యత.

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. 2023లో సుమారు రూ.15 లక్షల ధరకు ఎస్-క్యాబ్ జెడ్ అనే రకం వచ్చింది. మెరుగైన ముఖం, టచ్ స్క్రీన్, ఇంకొన్ని అలంకారాలు దాని ప్రత్యేకత. లోపలున్నది మాత్రం అదే 78 పీఎస్ ఇంజిన్, ప్లేటు కూడా పసుపుదే. పని బండికి పెళ్లి బట్టలు కట్టినట్టుందని నా అభిప్రాయం. ఆ తెర, ఆ మెరుపు బజారులో తర్వాత ఎప్పుడైనా బిగించుకోవచ్చు.

నేను హంగులను తూచే పద్ధతే అది. బండి కొన్నాక బజారులో బిగించుకోగలిగిన దానికి షోరూములో ఎక్కువ డబ్బు పెట్టకూడదు, ఎన్ని డబ్బులు పోసినా తర్వాత బిగించుకోలేని దానికి వెనకాడకూడదు. ఈ తూకంతో తెల్ల ప్లేటు తోబుట్టువులను చూస్తే లెక్క తేటపడుతుంది. 2021 మేలో బీఎస్-6 కాలుష్య ప్రమాణాల రకాలు విడుదలైనప్పుడు చెన్నై ఎక్స్-షోరూమ్ ధరలు హై-ల్యాండర్‌కు రూ.16.98 లక్షలు, నాలుగు చక్రాల చోదన (ఫోర్ వీల్ డ్రైవ్) ఉన్న వి-క్రాస్ జెడ్ మాన్యువల్‌కు రూ.20.98 లక్షలు, జెడ్ ప్రెస్టీజ్ ఆటోమేటిక్‌కు రూ.24.49 లక్షలు. ధరలు ఆ తర్వాత మారాయి గానీ, ఏ మెట్టు మీద ఏమి దొరుకుతుందో చూడడానికి ఆ పట్టికే సులువు.

మొదటి మెట్టు నాలుగు లక్షలు. దానికి వచ్చే వాటిలో అసలైనది నాలుగు చక్రాల చోదన. గేర్ల పక్కనున్న గుండ్రటి మీట తిప్పితే రెండు చక్రాల నుంచి నాలుగింటికి శక్తి మారుతుంది. బాగా దిగబడిన చోట తక్కువ నిష్పత్తి గేరు కూడా ఉంది. పికప్ తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెనుక చక్రాల మీద బరువు ఉండదు కనుక, వెనుక చక్రాలతోనే నడిచే హై-ల్యాండర్ తడిసిన రేగడి మట్టిలో జారిపోవడం సహజం. వానాకాలం చెరువు గట్టు మీదికి రోజూ వెళ్లవలసిన మనిషికి ఈ నాలుగు లక్షలు ట్రాక్టరు కోసం ఎదురుచూసే గంటలతో తీరతాయి. తారు రోడ్డు దాటని మనిషికి అది బరువు, ఖర్చు మాత్రమే. పొడి తారు మీద ఆ మీట తిప్పకూడదు కూడా. ఇది తర్వాత బిగించుకునేది కాదు కనుక కొనే రోజునే తేల్చుకోవాలి. అదే మెట్టులో వచ్చే 18 అంగుళాల అల్లాయ్ చక్రాలు నాకు వెలితిగానే తోస్తాయి. హై-ల్యాండర్ 16 అంగుళాల చక్రాలకు ఉండే ఎత్తైన టైరు గోడ గుంతల రోడ్డు మీద నడుముకు ఎక్కువ మేలు చేస్తుంది, టైరు మార్చే రోజున జేబుకు కూడా.

రెండో మెట్టు మూడున్నర లక్షలు. ఇందులో ఆటోమేటిక్ గేర్లు, ఆరు ఎయిర్‌బ్యాగులు, గోధుమ రంగు తోలు సీట్లు, పైకప్పులో స్పీకర్లు వస్తాయి. హై-ల్యాండర్‌లో ఎయిర్‌బ్యాగులు రెండే. పక్క నుంచి గుద్దుకునే ప్రమాదంలో తలను కాపాడే తెర లాంటి ఎయిర్‌బ్యాగును ఏ మెకానిక్కూ తర్వాత పెట్టలేడు. వెనుక సీటులో పిల్లలు, అమ్మానాన్నలు రోజూ ప్రయాణించే ఇంట్లో ఆ ఒక్క కారణానికి ఈ మెట్టు ఎక్కవచ్చునని నేను ఒప్పుకుంటాను. నగరంలో రోజూ గంటన్నర ఇరుకు ట్రాఫిక్‌లో నడిపేవారి ఎడమ కాలికి ఆటోమేటిక్ గేరు కూడా అలాంటిదే. తోలు సీట్ల విషయంలో మాత్రం నాకు జాలి లేదు. రొయ్యల మేత బస్తా ఒక్కసారి వెనుక సీటు మీద పెట్టి చూడండి, ఆ వాసన తోలుకు ఎన్నాళ్లు అంటుకుంటుందో తెలుస్తుంది. గుడ్డ సీటయితే తొడుగు తీసి ఉతుక్కోవచ్చు.

ఖరీదైన రకం నడక మెత్తగా ఉంటుందని ఆశించే వారికి ఒక మాట. వి-క్రాస్ కింద కూడా వెనుక కమాన్ పట్టీలే ఉన్నాయి. ఖాళీ తొట్టితో స్పీడు బ్రేకరు దాటితే వెనుక కూర్చున్నవారు ఎగిరిపడతారు. అదే డబ్బుకు దొరికే ఎస్‌యూవీలో కాయిల్ స్ప్రింగుల మీద ప్రయాణం వేరుగా ఉంటుంది. బండి పొడవు 5.3 మీటర్లు కావడం వల్ల పాత ఇళ్ల గేట్లు, అపార్టుమెంట్ల సెల్లార్ మలుపులు కూడా ముందే టేపుతో కొలుచుకోవాలి. ఎస్-క్యాబ్‌కూ దాదాపు అదే పొడవు కనుక ఆ ఇబ్బందిలో రెండూ సమానమే.

మా బావగారి లెక్క వేసి చూశాం. చెరువుకు మేత పెద్ద మొత్తంలో కంపెనీ లారీయే గట్టు దాకా తెచ్చి దింపుతుంది. ఆయన స్వయంగా తీసుకెళ్లేది రోజుకు నాలుగైదు బస్తాలు, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ మోటారు చెడితే ఒక మోటారు, రొయ్యల పట్టుబడి రోజున మనుషులు. బాడుగకు తిప్పే ఆలోచన లేదు, వానాకాలంలో గట్టు జారుతుంది, నెలకు రెండుసార్లు కుటుంబంతో హైదరాబాద్ ప్రయాణం ఉంది. ఆ జాబితాలో పసుపు ప్లేటును సమర్థించేది ఏదీ కనబడలేదు. జెడ్ ప్రెస్టీజ్‌లో ఆయన మనసు పడ్డ గోధుమ రంగు సీట్లకు మా అక్కయ్యే అడ్డు చెప్పింది. వి-క్రాస్ జెడ్ మాన్యువల్, నాలుగు చక్రాల చోదనతో, తీసుకోమన్నాను. ఆయన తమ్ముడిది మాత్రం ఎరువుల కొట్టు. చుట్టుపక్కల ఊళ్లకు రోజూ ఇరవై బస్తాలు చేరవేయాలి, జీఎస్టీ నంబరు కూడా ఉంది. ఆయనకు సాదా ఎస్-క్యాబే రాయించాం, జెడ్ కూడా వద్దన్నాను.