పాతూరు ఊలు కొట్టు: లేసు శాలువా అల్లేవాళ్లకు పనికొస్తుందా?

అనంతపురంలో ఊలు శాలువా ఎందుకని నవ్వేవాళ్లు డిసెంబర్‌లో బెంగళూరుకు తెల్లవారుజాము బస్సు ఎక్కి చూడండి. సరే, విషయానికొస్తా. పాతూరు సందుల్లో దారాలు, గుండీలు అమ్మే కొట్లు చాలానే ఉన్నాయి, నేను చెప్పేది గోడ పొడవునా ఊలు ఉండలు పేర్చిన ఒక ఇరుకు కొట్టు గురించి. స్వెట్టర్లకూ పసిపిల్లల టోపీలకూ కళ్లు మూసుకుని పోవచ్చు. లేసు శాలువాకైతే సూదులు ఇక్కడ కొనండి, ఊలు మాత్రం వద్దు.

లేసు అల్లికంటే రెండు కుట్లు కలిపి ఒకటి చేయడం, పక్కనే దారం చుట్టి కన్నం వదలడం, వరస వరసకీ ఇదే పని. సూది మొన మొద్దుగా ఉంటే కుట్ల కిందికి దూరదు, దారం చీలిపోతుంది. తీగ ఉన్న రౌండ్ సూదులకైతే ఇంకో తలనొప్పి, సూదికీ తీగకీ మధ్య అతుకు. అక్కడ గోరుకు తగిలేంత మెట్టు ఉన్నా చాలు, ప్రతి వరసలో కుట్లు అక్కడే ఇరుక్కుంటాయి. ఆన్‌లైన్‌లో తెప్పించిన సెట్టు ఒకటి నన్ను ఇలాగే ఏడిపించింది. ఇక్కడ కొట్టు అన్న కవరు విప్పి చేతికే ఇస్తాడు, "గోరుతో గీకి చూసుకోక్కా, నచ్చితేనే తీస్కో" అంటాడు. పోనీ, నిట్‌ప్రో అనే రెండు కంపెనీల సూదులూ ఉన్నాయి. నేను 4 ఎంఎం నిట్‌ప్రో తీసుకున్నా, అతుకు నున్నగా ఉంది.

పేచీ అంతా ఊలు దగ్గరే. దాదాపు అన్నీ అక్రిలిక్కే, అంటే ఊలులా కనిపించే కృత్రిమ దారం. ఒక ఉండ చూపించి ఇది అసలు ఊలేనా అని అడిగితే అన్నే అగ్గిపుల్ల గీసి చిన్న పోగు కాల్చాడు. అసలు ఊలుకు వచ్చే వెంట్రుక కాలిన వాసన రాలేదు సరికదా, చివర నల్లగా గట్టి పూస కట్టింది. "మనూర్లో ఇదే పోతుందక్కా" అన్నాడు, దాచలేదు, అది నచ్చింది. కానీ లేసు సూది మీంచి దిగినప్పుడు నలిగిన మసిగుడ్డలా ఉంటుంది, తడిపి, పరుపు మీద లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెడితేనే డిజైను విచ్చుకుంటుంది. అసలు ఊలు ఆరాక ఆ ఆకారం పట్టుకుంటుంది, అక్రిలిక్ అయితే గుండుసూదులు తీయగానే మళ్లీ ముడుచుకుంటుంది. దానికి ఆవిరి పట్టాల్సిందే, ఇస్త్రీపెట్టె కాస్త తగిలిందా చదునైపోతుంది, మళ్లీ మామూలుగా రాదు.

మందం కూడా చూడాలి. ఉండ బరువు కాదు, లేబుల్ మీద మీటర్లు చూడండి. లేసు ఊలు 100 గ్రాములకు 800 మీటర్ల దాకా వస్తుంది, ఇక్కడివి అంతకంటే చాలా లావు. యూట్యూబ్‌లో రష్యా ఓరెన్‌బర్గ్ శాలువా ఉంగరంలోంచి దూరడం చూసి ఆశపడి రాకండి, అది మేక నూగుతో వడికిన దారం.

ఇక్కడే ఏదో ఒకటి కొనాలంటే క్రోషేకి అమ్మే మెర్సరైజ్డ్ (మెరుపు వచ్చేలా శుద్ధి చేసిన) కాటన్ దారం తీసుకోండి. మన ఎండలకు హాయి, కన్నాలు స్పష్టంగా కనిపిస్తాయి, కాకపోతే సాగదు కాబట్టి కుట్లు కలిపేటప్పుడు వేళ్లు లాగుతాయి. అన్ని ఉండలకూ లాట్ నంబరు, అంటే ఒకే విడతలో రంగు వేశారని చెప్పే నంబరు, ఒకటేనా చూసుకోండి, ట్యూబ్‌లైట్ కింద ఒకేలా కనిపించిన తెలుపు ఎండలో రెండు రకాలుగా తేలుతుంది. అన్న తనంతట చెప్పడు, అడిగితే అటక మీంచి వెతికి దించుతాడు.

ఫోన్‌పే ఉంది, బేరం లేదు. సాయంత్రమైతే చీరల ఫాల్స్ కొనేవాళ్ల రద్దీ, సూది విప్పి చూసే తీరిక దొరకదు, పొద్దున్నే పోండి.